ఆ మాట చెప్పిన పిల్లాడి చేతిలో టీసీ పెట్టకండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని జూనియర్, డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల కరస్పాండెంట్లకు, ప్రిన్సిపాళ్లకు, హాస్టల్ వార్డెన్లకు

నమస్కారం.

మేము ఈ రెండు జిల్లాల్లో మానసిక వైద్యంలో పనిచేసేవాళ్లం. మాలో సైకియాట్రిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, నర్సులు, సోషల్ వర్కర్లు ఉన్నారు. ఈ ఉత్తరం ఒకే ఒక్క సందర్భం గురించి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒక పిల్లాడు వార్డెన్ గది గుమ్మంలో నిలబడి, "సార్, మా రూమ్మేట్‌ను పొడిచేయాలనిపిస్తా ఉంది" అంటాడు. లేదా ఒక అమ్మాయి ఫ్రెండు దగ్గర అన్న అలాంటి మాటే చేతులు మారి మీ దాకా వస్తుంది. అప్పుడేం చేయాలి?

మామూలుగా జరిగేది మీకూ తెలుసు, మాకూ తెలుసు. రిజిస్టర్లో ఎంట్రీ, నాన్నకు ఫోన్, అండర్‌టేకింగ్ మీద సంతకం, చేతిలో టీసీ. పెట్టె సర్దించి పీలేరు బస్సో మదనపల్లె బస్సో ఎక్కించేస్తారు. కాలేజీకి గండం గడిచినట్టే ఉంటుంది. కానీ ఈ మాట చెప్పే పిల్లలు మూడు రకాలు, ఈ పద్ధతి ముగ్గురికీ చేటే. తన ఆలోచన చూసి తానే భయపడి చెప్పినవాడు ఇక జన్మలో ఎవరికీ చెప్పడు. జబ్బు మొదలైనవాడు, గమనించే కళ్లు లేని చోటికి పోతాడు. నిజంగా పగ పెట్టుకున్నవాడికి పాత అవమానం మీద కొత్త అవమానం, దాంతోపాటు బోలెడంత ఖాళీ సమయం దొరుకుతాయి. ఇదంతా వరండాలో నిలబడి చూసిన మిగతా పిల్లలకు మాత్రం ఒక సంగతి బాగా ఎక్కుతుంది: ఇక్కడ నోరు తెరవకూడదు.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. మన సీమలో "నరికేస్తా", "చంపి పాతరేస్తా" అనేవి పలకరింపులో భాగం. ఆ మాట అంటూనే అమ్మ సంగటి ముద్ద చేసి పెడుతుంది. కాబట్టి నోటి మాట ఒక్కదాన్ని పట్టుకుని ఎవరినీ తూచలేం. తూచాల్సింది వేరే ఉంది: ఆ ఆలోచన ఆ పిల్లాడికి ఇష్టమైన చుట్టమా, పిలవకుండా వచ్చి కూర్చున్నదా? దాని వెనక పథకం ఉందా? పక్కన నిద్రలేమి, గంజాయి, వినపడే గొంతులు ఉన్నాయా?

వద్దన్నా వచ్చే ఆలోచనలు దాదాపు అందరికీ వస్తాయి. మేడ మీద అంచున నిలబడ్డప్పుడు పక్కవాణ్ణి తోసేస్తే అన్న మెరుపు, చంటిబిడ్డను ఎత్తుకున్నప్పుడు జారవిడిస్తే అన్న ఊహ, పూజలో కూర్చున్నప్పుడు బూతు మాట. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆరు ఖండాల్లోని 13 దేశాల్లో 777 మంది యూనివర్సిటీ విద్యార్థులను అడిగారు. హింస, అనుమానం, మైల ఇలా అన్ని రకాలూ కలిపి, గడిచిన మూడు నెలల్లో ఒక్కటైనా అలాంటి ఆలోచన వచ్చిందన్నవాళ్లు 94 శాతం. మనలో చాలామంది "ఛ, ఏం ఆలోచన ఇది" అనుకుని పనిలో పడిపోతాం. కొందరు అక్కడే ఇరుక్కుంటారు. "ఇంత పాడు ఆలోచన నాకెందుకొచ్చింది, అంటే నేను అలాంటివాణ్ణేనా" అని తవ్వుకుంటారు. ఆలోచించడమంటే చేయడంతో సమానమని నమ్ముతారు. దాన్ని తోసేయాలని చూసే కొద్దీ అది గట్టిపడుతుంది. మందు వేసుకునేటప్పుడు కోతిని తలచుకోవద్దంటే ఏమవుతుందో మనకు చెప్పాలా! ఆ తోపులాట రోజులో గంటకు మించి తింటూ, చదువునూ నిద్రనూ పాడుచేస్తుంటే దాన్ని ఓసీడీ అంటాం. చేతులు పదిసార్లు కడుక్కోవడమే ఓసీడీ అని జనం అనుకుంటారు గానీ, అది దానికున్న ఒక్క ముఖమే.

ఈ పిల్లాణ్ణి మీరు ఎలా గుర్తుపడతారు? మెస్‌లో వంటమాస్టర్ ఉల్లిపాయలు కోస్తుంటే ఆ పక్క వరసలో నిలబడడు. రూమ్మేట్ నిద్రపోయాక తాను బయట వరండాలో పడుకుంటాడు, లేదంటే తన చేతులను దుప్పట్లో చుట్టుకుని పడుకుంటాడు. జామెట్రీ బాక్సులో డివైడర్ తీసి ఎవరికో ఇచ్చేసి ఉంటాడు. తిరుపతి స్టేషన్లో రైలు వస్తుంటే ముందున్నవాళ్ల వెనక నిలబడకుండా గోడకు ఆనుకుంటాడు. ఫ్రెండ్స్‌తో అలిపిరి నడకదారిన కొండెక్కుతూ గాలిగోపురం దగ్గర పాడు ఆలోచన వచ్చిందంటే, ఆ ఎక్కింది చెల్లదని కిందికి దిగి మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెడతాడు. మొత్తం 3,550 మెట్లు. తోటివాళ్లకు అది భక్తిలా కనిపిస్తుంది. లెక్కపెట్టి గోవింద నామాలు చెప్పడం, లెక్క తప్పితే మళ్లీ చెప్పడం కూడా అంతే. లోపల జరుగుతున్నది ఆ ఆలోచనకు విరుగుడు వేసుకోవడం.

ఆ ఆలోచన అతనికి అసహ్యం, భయం. దాని నుంచి తప్పించుకోవడానికే అతని రోజంతా సరిపోతుంది. ఇలాంటి ఓసీడీ ఆలోచనలున్నవాళ్లు ఆ ఆలోచన వల్ల మనుషులకు హాని చేయరు. అతన్ని హాస్టల్ నుంచి పంపేయడమంటే, "చూశావా, నువ్వు నిజంగానే ప్రమాదం" అని అతని జబ్బు చెప్పే మాటకు కాలేజీ ముద్ర వేసి ఇవ్వడమే.

మంచి మనసుతో చేసే తప్పు ఒకటుంది. "నువ్వు అలాంటివాడివి కాదు నాయనా" అని రోజుకు ఇరవైసార్లు ధైర్యం చెప్పడం. మొదటిసారి చెబితే మంచిదే. అతను మళ్లీ మళ్లీ వచ్చి అదే చెప్పించుకుంటుంటే ఆ ధైర్యమే విరుగుడుగా మారిపోతుంది. అరగంట ఉపశమనం, తర్వాత రెట్టింపు అనుమానం. "అది జబ్బు అడిగిస్తున్న ప్రశ్న. నేను జవాబు చెబితే అది బలుస్తుంది. పద, అలా నడుద్దాం" అంటే చాలు. చికిత్సలో చేసేదీ ఇదే, కాకపోతే క్రమంగా. భయపడే వస్తువు దగ్గరకు మెట్టు మెట్టుగా తీసుకెళ్లి, విరుగుడు వేసుకోకుండా ఆపి, భయం తనంతట తాను తగ్గేదాకా కూర్చోబెడతాం. 12 నుంచి 20 సిట్టింగులు పడుతుంది. ఫ్లూఓక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి మందులు డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు కంటే తరచూ ఎక్కువే కావాలి, గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు ఆగాలి. ఇక్కడే దెబ్బతింటుంది: మూడో వారంలో "ఏం తగ్గలేదు, పైగా కడుపులో తిప్పుతోంది" అని ఇంట్లోవాళ్లు ఆపేస్తారు. మందులు వార్డెన్ దగ్గర ఉంటే ఆ మూడో వారం దాటించడం సులువు.

రెండో రకం వేరు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులోనే స్కిజోఫ్రినియా, బైపోలార్ లాంటి తీవ్ర మానసిక జబ్బులు తరచూ మొదటిసారి బయటపడతాయి. ఇక్కడ పిల్లాడు మీ దగ్గరకు వచ్చి చెప్పకపోవచ్చు. మెస్‌లో ఏదో కలిపారని అన్నం మానేసి బిస్కెట్ ప్యాకెట్ల మీద బతుకుతుంటాడు. ఫోన్ హ్యాక్ చేశారంటాడు, సిమ్ తీసి విరిచేస్తాడు. ఫ్యాన్ రెక్కల్లో కెమెరా ఉందని గుడ్డ కడతాడు. ఒంటరిగా ఉన్నప్పుడు పెదాలు కదుపుతాడు. నిద్ర పోయి వారమై ఉంటుంది. ఇతను ఎవరి మీదైనా చెయ్యి చేసుకుంటే అది చాలాసార్లు భయంతోనే: వాళ్లు నన్ను చంపకముందే నేనే. "పొడువు" అని ఆజ్ఞాపించే గొంతు వినిపిస్తుంటే, ఆ గొంతు ఎవరిదో తనకు తెలుసనీ దాన్ని కాదనలేననీ అంటుంటే అది ఈ రాత్రికే ఆసుపత్రి కేసు. అలాగని ఈ జబ్బు ఉన్నవాళ్లంతా ప్రమాదకారులని అనుకోకండి. ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు, దెబ్బలు తినేవైపే ఉంటారు. ప్రమాదం పెరిగేది జబ్బుకు మందు లేక, పైన మత్తు చేరినప్పుడు.

మూడో రకంలో జబ్బు పేరు ఉండొచ్చు, లేకపోవచ్చు. ర్యాగింగ్‌లో అందరి ముందు బట్టలు విప్పించినవాళ్ల మీద పగ. కులం పేరెత్తి తిట్టినవాడి మీద కసి. కాదన్న అమ్మాయి మీద కోపం. ఇతనికి ఆ ఆలోచన బాధ కాదు, ఊరట. మళ్లీ మళ్లీ నెమరేస్తాడు, మెరుగులు దిద్దుతాడు. ఇక్కడ రెండు పనులు ఒకేసారి నడవాలి. పిల్లాడి లోపల డిప్రెషన్ ఉందా, చచ్చిపోవాలన్న ఆలోచన ఉందా చూడాలి, ఎందుకంటే "వాణ్ణి చంపి నేనూ పోతా" అనేది రెండూ కలిసిన మాట. ఆ పగకు కారణమైన ర్యాగింగ్ మీద 1997 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం చర్య కూడా తీసుకోవాలి. పగపట్టినవాణ్ణి కౌన్సెలింగ్‌కు పంపి, ర్యాగింగ్ చేసినవాణ్ణి వదిలేస్తే మా కౌన్సెలింగ్ గాల్లో కలిసిపోతుంది. ఒక అమ్మాయిని గురిపెట్టుకుని ఉంటే ఆ అమ్మాయికీ ఆమె తల్లిదండ్రులకూ చెప్పాలి, పోలీసులకు చెప్పాలి. జబ్బు అనగానే తప్పులన్నీ మాఫీ అని మేము అనడం లేదు.

ఇంకో చిన్న సంగతి, కానీ తరచూ దాటిపోయేది. ఫిట్స్‌కు వాడే లెవెటిరాసెటమ్ కొందరిలో విపరీతమైన చిరాకు, కోపం తెప్పిస్తుంది. నెల కింద ఆ మందు మొదలై, అప్పటినుంచే పిల్లాడు మారిపోయాడంటే ఫిట్స్ డాక్టర్‌కు వెంటనే చెప్పాలి. సొంతంగా ఆపకూడదు, ఫిట్స్ తిరగబెడతాయి.

అయితే వీళ్లలో ఎవరు ఎవరో తెలిసేదెలా? అడిగితే. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయం. పుట్టదు. అడిగే పద్ధతి మాత్రం ముఖ్యం. డిసిప్లినరీ కమిటీలో ఐదుగురి ఎదుట కాదు. ఒక గది, ఇద్దరు పెద్దవాళ్లు, ఒకరే మాట్లాడాలి. తలుపు తెరిచే ఉండాలి, పిల్లాడికీ మీకూ కూడా లేచి వెళ్లడానికి దారి ఉండేలా కూర్చోవాలి. భుజం మీద చెయ్యి వేయొద్దు. ఫోన్‌లో వీడియో అసలే వద్దు.

"రా నాయనా, కూర్చో. అన్నం తిన్న్యావా?" అక్కడినుంచి మొదలుపెట్టండి. తర్వాత, తొందర లేకుండా: "ఆ ఆలోచన వచ్చినప్పుడు నీకెట్లా ఉంటుంది, భయమా, కోపమా, హాయిగా ఉంటుందా?" "ఫలానా మనిషి అని ఉందా?" "ఎప్పుడు, ఎట్లా అని అనుకున్న్యావా?" "దానికోసం ఏమన్నా తెచ్చిపెట్టుకున్న్యావా?" "ఇంతకుముందు ఎవరినన్నా గాయం చేసినావా?" "ఎవరూ లేనప్పుడు మాటలు వినపడతాయా, అవి చెప్పింది చేయకుండా ఉండగలుగుతున్న్యావా?" "నిద్రపోయి ఎన్ని రోజులైంది?" "గంజాయి, మందు?" "నీకు బతకాలని ఉందా?" జవాబు విన్నాక ముఖం మార్చకండి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. "చెప్పాల్సినవాళ్లకు మాత్రమే చెబుతాను, చెప్పేముందు నీకు చెబుతాను" అనండి.

భయంగా ఉంది, పథకం లేదు, గొంతులు లేవు, పూర్వం ఎవరినీ కొట్టలేదు: ఆ వారంలోనే సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్తే సరిపోతుంది. మనిషి పేరు ఉంది, పథకం ఉంది, వస్తువు దొరికింది, గొంతు ఆజ్ఞాపిస్తోంది, ఇంతకుముందు ఎవరినో గాయపరిచిన చరిత్ర ఉంది, చావాలని ఉంది, నాలుగు రాత్రులుగా నిద్ర లేదు: వీటిలో ఏ ఒక్కటున్నా ఆ రాత్రే కదలాలి. వీటిలో పాత హింస చరిత్రకు బరువు ఎక్కువ. ఎటూ తేల్చుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, ఇరవైనాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. పిల్లాడే చేయాలని లేదు, వార్డెన్ కూడా చేసి అడగొచ్చు.

ఆసుపత్రికి కదిలేలోపు గదిలోంచి కత్తెర, గాజు సీసా, మంచం నుంచి ఊడిన ఇనుప చువ్వ లాంటివి సద్దు లేకుండా తీసేయండి. ఎవరి మీద ఆలోచన ఉందో ఆ పిల్లాణ్ణి వేరే బ్లాకుకు మార్చండి. ఇతన్ని మాత్రం గదిలో పెట్టి తాళం వేయొద్దు. తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పరుగెత్తే వీల్లేక కాలిపోయారు. గొలుసు వేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 95 ఏ రూపంలోనూ నిషేధించింది.

బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని వెళ్లొద్దు. కారులో, వెనక సీట్లో, ఇద్దరి మధ్య. డ్రైవర్ వెనక కాదు, చైల్డ్ లాక్ వేసి ఉండాలి. తిరుపతిలో అయితే రుయా క్యాజువాలిటీ, చిత్తూరులో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి. చిత్తూరు వైపువాళ్లకు వేలూరు ఆసుపత్రి అలవాటని తెలుసు, పగటిపూట కుదురుగా ఉన్న పిల్లాడికి అది బాగానే ఉంటుంది. అర్ధరాత్రి పెనుగులాడుతున్న పిల్లాడితో అంత దూరం వెళ్లే ప్రయోగం వద్దు. ముందు దగ్గరి ఆసుపత్రిలో శాంతించనివ్వండి. ఎదుటివారికి తీవ్ర హాని జరిగే అత్యవసర పరిస్థితిలో అదే చట్టం సెక్షన్ 94 కింద రిజిస్టర్డ్ డాక్టర్ ఎవరైనా తొలి చికిత్స చేయొచ్చు, 72 గంటల వరకు. సైకియాట్రిస్టే కానక్కర్లేదు. "మా దగ్గర ఆ డాక్టర్ లేరు" అని గేటు దగ్గరే తిప్పి పంపితే ఈ సెక్షన్ గుర్తుచేయండి.

వెంట ఒక కాగితం పంపండి. "విపరీతంగా ప్రవర్తిస్తున్నాడు" అని రాస్తే మాకేమీ తెలియదు. "జూలై మొదటివారం నుంచి రాత్రి రెండింటికి కూడా మేల్కొనే ఉన్నాడు. పదో తేదీ నుంచి మెస్‌కు రాలేదు. పన్నెండున రూమ్మేట్ కాలర్ పట్టుకున్నాడు. మొన్న రాత్రి ఫలానా మాట అన్నాడు" అని రాయండి. అన్న మాట అన్నట్టే, బూతులతో సహా. పాత చీటీలు, ఖాళీ అయిన మాత్రల స్ట్రిప్పులు కూడా. పద్దెనిమిది నిండని ఇంటర్ పిల్లలకు అడ్మిషన్ కావాలంటే తల్లిదండ్రులు రావాలి, కాబట్టి కారు బయలుదేరేముందే వాళ్లకు ఫోన్ వెళ్లాలి. ఆ ఫోన్లో మొదటి మాట "మీవాడు క్షేమంగా ఉన్నాడు" అని ఉండనివ్వండి.

చేతిలో ఆయుధం ఉంటే మీరు లాక్కోవడానికి పోవద్దు. మిగతావాళ్లను ఖాళీ చేయించి 112కు ఫోన్ చేయండి, "మానసిక సమస్య" అన్న మాట మొదటే చెప్పండి. అదే చట్టం సెక్షన్ 100 ప్రకారం మానసిక జబ్బు వల్ల తనకో ఎదుటివారికో ప్రమాదంగా ఉన్నాడని పోలీసులు రక్షణలోకి తీసుకున్న మనిషిని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గోప్యత మాటకొస్తే, ఆ చట్టంలోని సెక్షన్ 23 మా చేతులు కట్టేస్తుంది. ఎదుటి మనిషికి హాని తప్పించడానికి అవసరమైనంత మాత్రం చెప్పొచ్చు, అంతకు మించి కాదు. మీకూ ఇదే కొలత పెట్టుకోమని మా మనవి. రూమ్మేట్లకు "ఒంట్లో బాగాలేదు, చూపిస్తున్నాం" చాలు. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఫొటోతో సహా పెట్టిన పోస్టు సాయంత్రానికి వాళ్ల ఊరు చేరుతుంది.

తిరిగొచ్చాక మీరు మా దగ్గర అడిగే ఒక కాగితం గురించి కూడా చెప్పాలి. "ఇకమీదట ఎవరికీ హాని చేయడు" అని ఫిట్‌నెస్ సర్టిఫికెట్. అలాంటిది ఏ డాక్టరూ ఇవ్వలేడు, ఇచ్చినా నమ్మకండి. "ఈ రోజుకు హాస్టల్లో ఉండదగిన స్థితిలో ఉన్నాడు, ఈ మందులు ఇలా వేసుకోవాలి, పద్నాలుగు రోజులకు మళ్లీ చూపించాలి, ఈ గుర్తులు కనిపిస్తే ముందే తీసుకురండి" అని రాసివ్వగలం. ఆ పద్నాలుగో రోజుకు ఔట్‌పాస్ ఇవ్వడం మీ పని. ఇంటర్నల్స్ ఉన్నాయని ఆపిన ఔట్‌పాస్ వల్ల మందు ఆగిపోవడం, ఆ వెనకే జబ్బు తిరగబెట్టడం జరుగుతాయి.

సుప్రీంకోర్టు 2025 జూలై 25న సుక్‌దేబ్ సాహా కేసులో, విశాఖలో నీట్ కోచింగ్ విద్యార్థిని మరణం తాలూకు తీర్పులో, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో పెట్టుకోవాలనీ, బోధన సిబ్బందితోపాటు మిగతా సిబ్బందికి కూడా ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలనీ, టెలి-మానస్ నంబర్ హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనిపించాలనీ చెప్పింది. తెలుగు సారుకే "కౌన్సెలర్" అన్న బోర్డు తగిలిస్తే అది పాటించినట్టు కాదు.

ఆ రెండు శిక్షణల్లో ఒకటి చేయడానికి మేము సిద్ధం. రెండు గంటలు చాలు, ప్రొజెక్టర్ అక్కర్లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాయండి, రోజు మీరే పెట్టండి. లెక్చరర్లతోపాటు నైట్ వాచ్‌మన్‌ను, మెస్‌లో వడ్డించేవాళ్లను తప్పకుండా కూర్చోబెట్టండి. రాత్రి రెండింటికి వరండాలో తిరిగేది ఎవరో, వారంగా కంచం ముట్టనిది ఎవరో మీకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. మార్చి నెల మాత్రం వద్దు, పరీక్షల హడావుడిలో ఎవరూ వినరు.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల మానసిక వైద్య సిబ్బంది కొందరు